ఇంకా రాని పళ్ళు

పోయిన వారం టైలరమ్మ చేతిలో నీలం డబ్బా పెట్టి, ఆవిడను అలాగే నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ ఆవిడ కదలకుండా నిలబడే ఉంది. భర్త కోటు ఇస్త్రీ చేద్దామని జేబులు దులిపితే దొరికిందా డబ్బా. మూత తీస్తే లోపల పళ్ళు. గాజులా మెరుస్తున్న పళ్ళు. ఒకదాన్నొకటి తోసుకోకుండా, బెల్లు కొట్టాక బారులు తీరిన బడిపిల్లల్లా ఉన్నాయి.

ఈ వారమే పత్రిక చేతికందినవాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. టైలరమ్మ భర్తకు వీధి మలుపులో ఫోటో స్టూడియో ఉంది. ఆయన ఊరందరినీ నవ్వమంటాడు, తాను మాత్రం నవ్వడు. ఆపుకోలేనంత నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పై వరుసలో ముందు పళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. కింది వరుస సంగతి అడగకపోవడమే మర్యాద. ఈ మధ్య ఆయన వాలకం మారింది. నలుగురిలో తినడు. తినగానే స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకుంటాడు. అద్దం ముందు నిలబడి పై పెదవి ఎత్తి చూసుకుంటాడు. యాభై దాటిన మగవాడు అద్దం వదలకపోతే ఇంట్లో ఆడవాళ్ళు ఏమనుకుంటారో టైలరమ్మ కూడా అదే అనుకుంది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చాడు. చెప్పులు విప్పాడు. చేతులు కడుక్కున్నాడు. వచ్చి చూస్తే బల్ల మీద కంచం లేదు. కంచం ఉండాల్సిన చోట నీలం డబ్బా ఉంది.

టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. మెడలో కొలత టేపు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. ఆయన్ని చూడగానే సూదులు తీసి పక్కనున్న సూదుల దిండుకు గుచ్చింది. ఆవిడ నోట్లోంచి సూదులు తీసిందంటే ఇక మాటలు మొదలని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"ఇవెవరి పళ్ళండీ?"

ఆయన డబ్బా వంక చూశాడు. కోటు వేలాడదీసిన కొక్కెం వంక చూశాడు. కొక్కేనికి కోటు లేదు.

"నావే."

"మీవా? మీ పళ్ళు నాకు తెలియవా? ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. మీరు చెయ్యి అడ్డం పెట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి చూశాను. ఇవి మీవి కావు."

"నావేనే. ఇంకా రాలేదు."

కిటికీ దగ్గర బఠానీలు ఒలుస్తున్న పెద్దావిడ తలెత్తింది. స్టూడియో ఆయన తల్లి ఆవిడ. కాళ్ళు అంతంతమాత్రమే గానీ, ఇంట్లో ఏ మాట పుట్టినా ముందు ఆవిడ చెవిలోనే పడాలి.

"ఇంకా రాకపోవడమేమిట్రా? నీకు ఆరో నెలకే పళ్ళొచ్చాయి. నా దగ్గర పాలు తాగుతూ కొరికేవాడివి. నాకింకా గుర్తే."

"ఆ పళ్ళు కాదమ్మా."

"మరే పళ్ళు?"

ఆయనకు ఇక దారి లేకపోయింది. అటు తిరిగి, నోట్లో వేలు పెట్టి, పై వరుస నుంచి ఏదో ఊడదీశాడు. రుమాలుతో తుడిచి డబ్బా పక్కన పెట్టాడు. అదీ గాజులాంటి తొడుగే. కాకపోతే ఇందులో పళ్ళు కొంచెం వంకరగానే ఉన్నాయి.

"ఇది ఇప్పుడు వేసుకుంటున్నది. డబ్బాలో ఉన్నది ఆఖరిది. ఒకటయ్యాక ఒకటి తొడుక్కుంటూ పోతే పళ్ళు కాస్త కాస్త జరుగుతాయట. చివరికి అలా అవుతాయి. పళ్ళకు తీగలు కట్టించుకుంటే స్టూడియోకొచ్చినవాళ్ళందరికీ కనిపిస్తాయని ఇవి తీసుకున్నా."

ఆయన ఒక్క దమ్మున అంత మాట్లాడడం ఆ ఇంటి గోడలు కూడా విని ఉండవు.

టైలరమ్మ ఆఖరి తొడుగును రెండు వేళ్ళతో ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. పని తీరుగా ఉంది. అది ఆవిడ ఒప్పుకుంది. తర్వాత దాన్ని భద్రంగా డబ్బాలో పెట్టి మూత వేసింది.

"సరే. ఎవరికోసం?"

"ఏమిటి ఎవరికోసం?"

"ఈ సోకు. ముప్ఫై ఏళ్ళు ఆ పళ్ళతోనే నెట్టుకొచ్చారు కదా. నేనేమన్నా అడిగానా? ఇప్పుడు పళ్ళు దిద్దుకుని ఎవరి ముందు నిలబడదామని? జేబులో పెట్టుకు తిరుగుతున్నారంటే ఎంత ముచ్చట ఉండాలి! మళ్ళీ పెళ్ళికొడుకవుదామనా?"

మాట్లాడితే అంతా బయటికొస్తుందని ఆయన నోరు బిగించాడు. బిగించేసరికి ఎక్కడో కలుక్కుమంది. దవడ పట్టుకున్నాడు.

పెద్దావిడ కొడుకును ఆదుకోవాలనుకుంది. ఆవిడ ఆదుకుంటే కొంప మునిగినట్టే.

"వాణ్ణలా నిలదియ్యకే అమ్మాయ్. ఈ వయసులో ఒక్కొక్కడికి ఒక్కో పిచ్చి పడుతుంది. మీ మావయ్యకు పావురాల పిచ్చి పట్టింది. ఇల్లంతా రెట్టలు! దానికంటే పళ్ళు నయం. అయినా ఒరేయ్, ఇంత తతంగం దేనికిరా? నన్ను చూడు." ఆవిడ తన పళ్ళ సెట్టు తీసి బల్ల మీద పెట్టింది. పళ్ళు లేకపోయినా మాట తడబడలేదు. "వంకర లేదు, పుచ్చు లేదు. అన్నీ పీకించి పారేశా, పీడా పోయింది."

"అత్తయ్యా, తినే బల్ల మీద పళ్ళు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను!"

"తినేదేదీ? నువ్వు పెడితేగా!"

ఆ మాట నిజమే. బల్ల మీద మూడు జతల పళ్ళున్నాయి. నమలడానికి మాత్రం ఏమీ లేదు.

టైలరమ్మకు ఉడుకుమోత్తనం తగ్గలేదు గానీ, మనిషిని పస్తుంచే రకం కాదు. కంచం పెట్టింది, వడ్డించింది, ఎదురుగా కూర్చుంది. పోలీసులా కూర్చుంది. ఆయన చిన్న చిన్న ముద్దలు పక్క పళ్ళతో నములుతున్నాడు. ముందు పళ్ళ జోలికే పోవడం లేదు. అరటిపండు తీసుకుని దాన్ని కూడా చిదిమి నోట్లో వేసుకున్నాడు.

"అరటిపండు కొరకలేరా?"

"కొరకొచ్చు."

"కొరకండి చూస్తాను."

కొరికాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

టైలరమ్మ లేచింది. ఆయన గడ్డం పట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పింది. చొక్కా కాలరు చూసినట్టే దగ్గరగా వంగి చూసింది. ముందు పన్ను మీద వేలి కొసతో తాకింది. కుట్టు వదిలిన గుండీలా అది అటూ ఇటూ ఊగింది.

ఎవరికోసం అన్న ప్రశ్న ఆవిడ నోట్లోంచి అక్కడితో ఎగిరిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఊగుతోంది?"

"మొన్నటి నుంచి."

"డాక్టరుకు చూపించారా?"

"తిడుతుందేమోనని..."

"తొడుగు పెట్టుకోండి. కాదు కాదు, పెట్టుకోకండి. జేబులో వేసుకోండి. నడవండి."

"స్టూడియో తెరవాలే."

"స్టూడియో ఎక్కడికీ పోదు. పోతే పన్ను పోతుంది. అత్తయ్యా, తలుపు వేసుకోండి."

"నేనూ వస్తాను!"

"మీకక్కడ చూపించుకోడానికి ఏమున్నాయి అత్తయ్యా, అన్నీ ఇక్కడే వదిలేశారుగా!"

పళ్ళ ఆసుపత్రి గడియారాల కొట్టు పైన ఉంది. ఇరుకు మెట్లు. ఎక్కేటప్పుడు కింద నుంచి గడియారాలన్నీ తలా ఒక టైము చెబుతుంటాయి. గదిలో ఎత్తైన కుర్చీ, దాని పైన వంగి చూస్తున్న దీపం, పక్కన స్టీలు పళ్ళెం. డాక్టరమ్మ చిన్న వయసుది. మనిషి సన్నం, గొంతు మాత్రం దిట్టం. ఈ పనిలో అవతలివాళ్ళు నోరు తెరిచి ఊరుకుంటారు గనక, తనే రెండు వైపులా మాట్లాడడం ఆ అమ్మాయికి అలవాటైంది.

"రండి బాబాయిగారూ. పిలవకుండా వచ్చారంటే ఏదో చేశారన్నమాట. కూర్చోండి. వెనక్కి వాలండి. పిన్నిగారూ, మీరు ఆ స్టూలు లాక్కోండి. నోరు తెరవండి. అయ్యో! అయ్యయ్యో! ఇదేమిటి?"

చిన్న అద్దం పెట్టి పన్ను ముందు చూసింది, వెనక చూసింది. ఆయన జేబులోంచి తీసిచ్చిన తొడుగు మీద సన్నగా చెక్కిన అంకె చూసింది.

"ఇది ఏడు. మీరు నాలుగులో కదా ఉండాలి? అయిదూ ఆరూ ఏవి?"

"ఇంట్లో ఉన్నాయి."

"వేసుకోలేదా?"

"నాలుగయ్యాక ఊరికే ఏడు పెట్టి చూశాను. పట్టింది. కాస్త నొక్కాల్సి వచ్చింది."

"దేంతో నొక్కారు?"

ఆయన పైన దీపం వంక చూశాడు.

"చెప్పండి బాబాయిగారూ, దేంతో?"

"చెంచాతో."

డాక్టరమ్మ అద్దం పక్కన పెట్టింది. మూతి మీది గుడ్డ కిందికి లాగి ఆయన్ని తేరిపార చూసింది. టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆవిడకే తెలియలేదు.

"ఎందుకలా చేశారు? మెట్ల మీద రెండు మెట్లు దాటేసి ఎక్కినట్టనుకున్నారా?"

"కాదమ్మా. మా చీకటి గదిలో ఫోటో కడిగే మందునీళ్ళు కాస్త వెచ్చబెడితే బొమ్మ తొందరగా తేలుతుంది. గిరాకీ తొందరపెట్టినప్పుడు అలా చేసేవాళ్ళం. ఇదీ అంతే అనుకున్నా."

"అలా తేల్చిన బొమ్మ బాగుంటుందా?"

ఆయన నోట అబద్ధం రాదు. అందులోనూ ఫోటోల విషయంలో అసలు రాదు.

"ఉండదు. మసక కమ్ముతుంది."

"మరి! పన్ను గోడలో మేకు కాదు బాబాయిగారూ, పట్టి లాగడానికి. ముందున్న ఎముక కాస్త కరిగి దానికి దారివ్వాలి. వెనక ఖాళీ అయిన చోట కొత్త ఎముక కట్టుకోవాలి. రెండూ జరిగితే పన్ను నిలుస్తుంది. మీరు దాన్ని బరబరా ఈడ్చుకెళ్ళారు. వెనక ఇంకా ఏమీ కట్టుకోలేదు. అందుకే ఊగుతోంది."

"కుచ్చులు పెట్టేటప్పుడు దారం గబుక్కున లాగితే పుటుక్కుమంటుంది. అలాగేనా అమ్మా?" అంది టైలరమ్మ.

"అచ్చం అలాగే పిన్నిగారూ."

"ఇంతకీ నిలుస్తుందా?"

డాక్టరమ్మ మళ్ళీ వంగి వేలితో మెల్లగా నొక్కి చూసింది. టైలరమ్మ చెయ్యి తన మెడలోని టేపును గట్టిగా పట్టుకుంది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు దాన్ని తీసి పెట్టడం కూడా మరిచిపోయింది ఆవిడ.

"చిగుళ్ళు గట్టిగానే ఉన్నాయి. నిలుస్తుందనే నా ఆశ. కానీ మాట ఇవ్వలేను. ఈ పూట నుంచే వెనక్కి వెళ్ళి నాలుగు పెట్టుకోవాలి. గట్టివి కొరకొద్దు. నేను చెప్పేదాకా అయిదు ముట్టుకోవద్దు. తినడానికీ తోముకోడానికీ తప్ప తొడుగు తీయొద్దు. తిన్నాక తోముకోకుండా పెట్టుకుంటే తొడుగు లోపలే పుచ్చులు పెంచుకున్నట్టు. చన్నీళ్ళతోనే కడగాలి. వేడినీళ్ళు పోస్తే ముడుచుకుపోతుంది. మందునీళ్ళు వెచ్చబెట్టే మనిషి కాబట్టి మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను."

ఆయన అన్నిటికీ తలూపాడు.

"అన్నీ అయిపోయాక కూడా పడుకునేటప్పుడు ఒకటి పెట్టుకోవాలి. పళ్ళకు పాత చోటు గుర్తుంటుంది. వదిలేస్తే మెల్లగా అక్కడికే పోయి కూర్చుంటాయి."

"ఎన్నాళ్ళు పెట్టుకోవాలమ్మా?"

"నవ్వాలనుకున్నన్నాళ్ళు."

ఆయనకు ఆ జవాబు నచ్చింది. నచ్చిందని ముఖంలో తెలిసింది.

"ఇదంతా మొదటి రోజే చెప్పాను కదా. బుద్ధిగా విన్నారు. ఇప్పుడెందుకింత తొందర?"

"అడగండమ్మా. నేనడిగితే అరటిపండు నమిలారు. మీకైనా చెబుతారేమో," అంది టైలరమ్మ. ఆవిడకు ఎగిరిపోయిన ప్రశ్న మళ్ళీ వచ్చి వాలింది.

కింద గడియారం ఒకటి ఆలస్యంగా గంట కొట్టింది.

"వచ్చే నెల మా పెళ్ళిరోజు."

"అయితే?"

"ఫోటో దిగుదామని."

అంతే అన్నాడు. మిగతాది డాక్టరమ్మ పన్ను లాగినట్టు ఒక్కొక్క ముక్కా లాగితే వచ్చింది. స్టూడియో గోడ నిండా ఊళ్ళో జంటలున్నాయి. పెళ్ళైనవాళ్ళు, పోట్లాడుకుని మళ్ళీ కలిసినవాళ్ళు, మనవలను ఎత్తుకున్నవాళ్ళు. వీళ్ళిద్దరిది మాత్రం ఒక్క ఫోటో ఉంది. పెళ్ళైన ఏడాదికి దిగింది. అందులో ఆయన మూతి కుట్టేసినట్టు ఉంటుంది, ఆవిడ ఎటో చూస్తుంటుంది. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ కెమెరా వెనకే. ఈసారి కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, దానికి టైము పెట్టి, పరుగెత్తుకొచ్చి పెళ్ళాం పక్కన నిలబడాలనుకున్నాడు. నవ్వుతూ. చెయ్యి అడ్డం లేకుండా.

టైలరమ్మ మెడలోని టేపు తీసి వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. పొద్దున్నుంచి తాను అనుకున్నవన్నీ తలుచుకుని సిగ్గుపడింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి ఆవిడకు తెలిసిన దారి ఒకటే. కోపం.

"దానికి కొత్త పళ్ళెందుకండీ? ఉన్న పళ్ళతో నవ్వితే కెమెరా తీయనంటుందా?"

"పగిలిపోతుందన్నారు."

"ఏమిటి పగిలేది?"

"కెమెరా అద్దం. నేను నవ్వితే పగిలిపోతుందని ఒకరన్నారు. పాత మాటలే. పోనియ్."

టైలరమ్మ స్టూలు మీద నుంచి లేచింది.

"పోనియ్యడమా? మనిషి నోరు ఇన్నేళ్ళు మూయించింది ఆ మాటేనా? ఎవరన్నారు? పేరు చెప్పండి. ఇప్పుడే వెళ్ళి గుమ్మంలో నిలబెట్టి కడిగేస్తాను. నా నోరు మీకు తెలుసు కదా!"

"తెలుసు."

"మగా, ఆడా?"

"ఆడే."

"మనవాళ్ళేనా?"

"మనవాళ్ళే."

"బతికే ఉందా?"

"నిక్షేపంలా ఉంది."

"మీ అమ్మా?"

"అమ్మ నా పళ్ళు ముద్దొస్తాయనేది."

"మా అక్కా? దానికి నోటికి అడ్డూ ఆపూ లేదు. అదేనా?"

"కాదు."

"మరెవరండీ? చెప్పి చావండి!"

"నువ్వే."

టైలరమ్మ మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"నేనా?"

"మనకు పెళ్ళైన కొత్తలో నిన్ను చీకటి గదిలోకి తీసుకెళ్ళాను. నీకు నేను తీసిన మొదటి ఫోటో. ఎర్ర దీపం కింద బొమ్మ తేలింది. నీ కళ్ళు మూసుకుని ఉన్నాయి, నోరు తెరుచుకుని ఉంది. నేను పగలబడి నవ్వాను. అప్పుడన్నావు. మీరలా నవ్వకండి, కెమెరా అద్దం పగిలిపోతుంది అని."

ఆవిడకు ముందు ఏమీ గుర్తు రాలేదు. తర్వాత ఎర్ర దీపం గుర్తొచ్చింది. మందు వాసన గుర్తొచ్చింది. పళ్ళెంలో తేలుతున్న తన ముఖం గుర్తొచ్చింది. ఎంత అసహ్యంగా ఉందో కూడా గుర్తొచ్చింది.

"నా ఫోటో చూసి నవ్వారని ఉక్రోషం వచ్చి అన్నానండీ! ఆ గది గుమ్మం దాటకముందే మరిచిపోయాను!"

"నేను మరిచిపోలేదు."

"అడగొచ్చు కదా నన్ను!"

"ఏమని అడగను? నిజంగా పగులుతుందా అనా?"

టైలరమ్మ కళ్ళు నిండాయి. కొంగుతో ఒత్తుకుంది.

"ఇప్పుడు నన్నెవరండీ గుమ్మంలో నిలబెట్టి కడిగేది?"

అనేసరికి ఆవిడకే నవ్వొచ్చింది. ఆవిడ నవ్వు కూడా మిషను లాంటిదే. ముందు ఒక్కో కుట్టుగా మొదలై, ఊపందుకున్నాక ఇక ఆగదు. చెంపల మీద నీళ్ళు కారుతుండగానే నవ్వింది. డాక్టరమ్మకు అంటుకుంది. నవ్వు దాచుకోడానికి అద్దం తీసుకుని, "ఇంకోసారి చూస్తాను, నోరు తెరవండి," అంటూ వంగింది.

ఆయన నోరు తెరిచాడు. కడుపులోంచి నవ్వు పైకి తన్నుకొచ్చింది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది. సగం దారిలో టైలరమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దింపేసింది.

ఆయన నవ్వాడు.

నోట్లో అద్దంతో, నెత్తిన దీపంతో, ఎక్కి కూర్చున్న పళ్ళతో, ఊగే పన్నుతో, కుర్చీ అదిరేలా నవ్వాడు. ఎర్ర దీపం కింద విన్న నవ్వు అదే. ఈసారి టైలరమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. ఆవిడ కంటికి అందులో సరిచేయాల్సింది ఏమీ కనిపించలేదు.

"నవ్వకండి బాబాయిగారూ! అద్దం ఉంది లోపల! ఆగండి, ఆ పన్ను..."

స్టీలు పళ్ళెంలో ఏదో పడి టింగుమంది.

చిన్నది. తెల్లనిది.

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. పట్టకారుతో దాన్ని ఎత్తింది. దీపం కిందికి తెచ్చి ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఒకసారి దాని వంక, ఒకసారి ఆయన నోటి వంక చూసింది.

"పిన్నిగారూ, ఆయన చెయ్యి మాత్రం వదలకండి," అంది నెమ్మదిగా.

టైలరమ్మ వదల్లేదు. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పళ్ళెంలో పడింది ఆ పన్నేనో కాదో వచ్చే వారం చూద్దాం.